ఇరవై ఆరు రెట్లు

మా ఇంట్లో నాన్న రాతి మీద అక్షరాలు చెక్కుతారు. అన్నయ్య మెషీన్ మీద చెక్కుతాడు. నేను గీతలు గీస్తాను, కొలతలు చూస్తాను, చెక్కిన రాళ్ళను తీసుకెళ్ళి చెప్పిన చోట పరుస్తాను. మిగిలిన సమయంలో వాళ్ళిద్దరి తప్పులు పడతాను. ఈ చివరి పనికి నన్నెవరూ పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను. నేను పరిచిన రాయి వెంట్రుకవాసి కూడా పక్కకు పోదని రోజుకొకసారైనా ఎవరితోనో ఒకరితో అనకపోతే నాకు తోచేది కాదు.

పోయిన ఏడాది నాన్న కుడి కంటికి ఆపరేషన్ అయింది. బాగా కుదిరిందని డాక్టరు అన్నారు, బాగానే కనబడుతోందని నాన్న అన్నారు. కానీ ఆ తర్వాత చెక్కిన రెండు ఫలకాల్లో ఉలి గీత దాటి పక్కకు పోయింది. రెండూ నా కంటనే పడ్డాయి. పడగానే ఊరుకున్నానా, అమ్మకీ అన్నయ్యకీ కూడా పిలిచి మరీ చూపించాను. మరో నెలకి అన్నయ్య చెక్కే మెషీన్ తెచ్చి షెడ్డులో పెట్టాడు. ఆ రోజు నుంచి నాన్న ఎక్కువ మాట్లాడటం మానేశారు.

అలాంటప్పుడు వచ్చారు శేషం మేడమ్. ఆవిడ ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయిన టీచరు. భాగహారం చేసిన ప్రతి పిల్లనీ పిల్లవాడినీ 'శేషం ఎంత?' అని నిలదీసి అడిగేవారు కాబట్టి ఆ పేరు పడింది. కొత్తగా కట్టిన లైబ్రరీ ముందు ఖాళీ స్థలంలో, నేల మీద, నాలుగు మీటర్ల వెడల్పున గుండ్రంగా ఒక రాతి వలయం వేయించాలని ఆవిడ కోరిక. దాని మీద ఒక సంఖ్య ఉండాలి. ఒకే సంఖ్య, నూట ఎనభై అంకెలు. పిల్లలు మధ్యలో నిలబడి కుడివైపుకు తిరుగుతూ చదువుకోవాలి, వేళ్ళు పెట్టి తడుముకోవాలి.

ఎక్కడిదండీ ఇంత సంఖ్య అని అన్నయ్య అడిగాడు. ఒకటిని నూట ఎనభై ఒకటితో భాగిస్తూ పోతే దశాంశ బిందువు తర్వాత వచ్చే అంకెలని ఆవిడ చెప్పారు. నూట ఎనభై అంకెలు వచ్చాక మళ్ళీ మొదటి నుంచి అవే అంకెలు, అదే వరసలో. దానికి చివర లేదు కాబట్టే గుండ్రంగా కావాలి. మొదటి రెండు సున్నాలూ తీసేసినా నూట డెబ్బై ఎనిమిది అంకెలుంటాయి. అన్నయ్య దాన్ని పైకి చదవబోయి, కోట్ల కోట్ల కోట్లు అంటూ మూడో కోటి దగ్గర ఊపిరాడక మానేశాడు. అందులో సున్నా నుంచి తొమ్మిది వరకు ప్రతి అంకె సరిగ్గా పద్దెనిమిది సార్లు వస్తుందని కూడా ఆవిడ చెప్పారు. ఒకటి ఎక్కువ రాదు, ఒకటి తక్కువ రాదు.

మెషీన్ అయితే రెండు రోజుల పని అన్నాడు అన్నయ్య. నాన్న అప్పటిదాకా ఉలి నూరుకుంటున్నారు. తలెత్తకుండానే అన్నారు:

"ఇది నేను చేతితో చేస్తాను. ఒక్క అంకె తప్పిందంటే మళ్ళీ ఉలి ముట్టను."

మాట ఎవరూ అడగలేదు. ఆయనే ఇచ్చారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయింది. నాన్నకి ఉలి లేకపోతే ఇంకేమీ లేదని మాకందరికీ తెలుసు. ఆయనకి స్నేహితులు లేరు, పేకాట రాదు, టీవీ ముందు కూర్చుంటే పది నిమిషాల్లో కునుకు తీస్తారు.

పన్నెండు నల్లరాళ్ళు, ఒక్కో రాయికి పదిహేను గళ్ళు. నాన్న పద్ధతి ఏమిటంటే అంకెల్ని వరసగా చెక్కరు. ముందు సున్నాలన్నీ చెక్కుతారు, తర్వాత ఒకట్లన్నీ, ఆ తర్వాత రెళ్ళన్నీ. ఒక వంపుకి చేయి అలవాటు పడితే ఆ వంపే తిప్పుతూ పోవాలని, రోజుకో వంపు తిప్పితే చేయి తికమకపడుతుందని ఆయన వాదన. కాబట్టి మా ఇంట్లో నలభై ఐదు రోజులు అలా గడిచాయి. సున్నాల రోజులు, మూళ్ళ రోజులు. ఎనిమిదుల రోజుల్లో ఎవరైనా పనికి అడ్డొస్తే విసుక్కునేవారు, అందుకని అమ్మ టీ కూడా గుమ్మంలో పెట్టి వెళ్ళేది. నేను పక్కన కాగితం పట్టుకుని 'మూడో రాయి, ఆరో గడి' అని చెబుతూ ఉండేదాన్ని. ఆయన ఆ గడిని రెండుసార్లు వేలితో తడిమి, అప్పుడు సుత్తి ఎత్తేవారు. ఒక్కో అంకె పద్దెనిమిది పూర్తయ్యాక కాగితం మీద ఒక టిక్కు పెట్టించేవారు.

పని పూర్తయ్యాక నాన్నే రాళ్ళ అడుగున ఒకటి నుంచి పన్నెండు వరకు రంగుతో నంబర్లు వేశారు. సిమెంటు చెక్కిన గాడుల్లోకి పోకుండా పైన మందపాటి కాగితం అంటించాం. ఇక పరచడం నా వంతు. ఇంజనీరు ఇచ్చిన ప్లానులో వలయాన్ని గడియారంలా గీశారు, గేటు వైపు పన్నెండు. నేను ఒకటి దగ్గర ఒకటో రాయి, రెండు దగ్గర రెండో రాయి, అలా పన్నెండు దగ్గర పన్నెండో రాయి వేసి, మట్టం సరిచూసి, సిమెంటు పోయించి, నా పని నేనే మెచ్చుకుని ఇంటికొచ్చాను.

ప్రారంభోత్సవానికి ముందురోజు ఉదయం ముగ్గురం వెళ్ళి కాగితాలు ఊడదీశాం. గేటు దగ్గర నేలలో ఒక ఇత్తడి బాణం, దాని పక్కన చిన్న రాయి మీద 'ఇక్కడి నుంచి చదవండి: 1 ÷ 181' అని అప్పటికే బిగించి ఉన్నాయి. అన్నయ్య మేడమ్ ఇచ్చిన కాగితం పట్టుకుని బాణం దగ్గర నిలబడ్డాడు. సున్నా ఉండాల్సిన చోట ఒకటి ఉంది. రెండో సున్నా ఉండాల్సిన చోట నాలుగు ఉంది. అయిదు ఉండాల్సిన చోట మూడు. రాయి చివరి వరకు చదివాడు. పదిహేను గళ్ళలో ఒక్క గడి మాత్రమే సరిపోయింది, పదో గడిలో ఎనిమిది.

అన్నయ్య రెండో రాయి చూడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.  మూడో రాయి, ఆరో గడి అని చెప్పింది నేనే కదా, నాన్నకి కనిపించక పక్క గడిలో చెక్కారా, చెక్కుతుంటే నేను చూడలేదా? రంగు నింపని గాడులు నల్లరాతిలో నల్లగానే ఉన్నాయి, ఏది ఏ అంకో నాకే సరిగ్గా తెలియలేదు. నాన్న వంగి మొదటి గడిలో వేలు పెట్టారు. ఆ ఒకటిని పైనుంచి కిందకి తడిమారు. లేచి చేతులు దులుపుకున్నారు.

"సరే. చాలు," అన్నారు. మమ్మల్ని రమ్మనలేదు, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయారు. అన్నయ్య వెనకాలే పరిగెత్తాడు.

నేను మాత్రం ఉండిపోయాను. మధ్యాహ్నం మేడమ్ చూడటానికి వస్తారు, ఆవిడకి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ రెండు గంటలూ నేను వలయం వైపు చూడకుండా గేటు కేసి చూస్తూ కూర్చున్నాను. వెనకటి రెండు ఫలకాలూ అందర్నీ పిలిచి చూపించిన నా నోరు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. నేను అంత గొప్పగా తప్పులు పట్టకపోతే ఆయన అంత పెద్ద మాట అనేవారే కాదు.

మేడమ్ వచ్చి అంతా విన్నారు. అంకెల కాగితం నా దగ్గర ఇంకోటి ఉంది, అది అడుగుతారనుకున్నాను. అడగలేదు. దారం ఉందా అని అడిగారు.

వలయం గీయడానికి మధ్యలో నేను కొట్టిన మేకు ఇంకా అక్కడే ఉంది. దారాన్ని దాని మీదుగా ఇటు నుంచి అటు చాచాం. ఒక చివర నేను, ఎదురుగా రెండో చివర ఆవిడ. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, లైబ్రరీలోంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి దాని మీద కూర్చున్నారు. నా చివర ఉన్న అంకె చెప్పమన్నారు. బాణం దగ్గరి ఒకటి చెప్పాను. ఆవిడ తన చివర ఎనిమిది అన్నారు. ఒక గడి జరిగాం. నాది నాలుగు, ఆవిడది అయిదు. ఇంకో గడి జరిగాం, మూడు, ఆరు. కూడమన్నారు. ప్రతిసారీ తొమ్మిదే వస్తోంది.

ఈ సంఖ్యని గుండ్రంగా రాస్తే ఎదురెదురు అంకెలు ఎప్పుడూ తొమ్మిదే అవుతాయని అప్పుడు చెప్పారు. మొదటి రాయి అయిపోయేసరికి పదిహేను తొమ్మిదులు వచ్చాయి.  ఆవిడ స్టూలు చప్పుడు చేస్తూ పక్కకి లాక్కుని మళ్ళీ కూర్చున్నారు.

"తప్పులు ఇంత పద్ధతిగా ఉండవమ్మాయ్," అన్నారు. "మీ నాన్న చేయి తడబడి ఉంటే ఈపాటికి ఎక్కడో పదో పదకొండో వచ్చేది. కానీ అన్నీ చూద్దాం."

తొంభై సార్లు దారం చాచాం. నెత్తి మీది ఎండ పక్కకి దిగింది. తొంభై తొమ్మిదులు. చివరి గడి అయ్యాక నేను అక్కడే నేల మీద చతికిలబడ్డాను. ఆవిడ ఈసారి రెండు సున్నాలు పక్కపక్కనే ఎక్కడున్నాయో వెతకమన్నారు. ఈ సంఖ్య మొత్తంలో అలాంటి చోటు ఒక్కటే ఉంటుందట. ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. బాణం దగ్గరి రాయి దాటగానే, పక్క రాయి మొదట్లోనే ఉన్నాయి. అక్కడి నుంచి కాగితం పెట్టుకుని చదివాను. సున్నా, సున్నా, అయిదు, అయిదు, రెండు, నాలుగు. చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాను. నూట ఎనభైకి నూట ఎనభై సరిపోయాయి.

అప్పుడు నేను నాలుక కరుచుకున్నాను. గడియారంలో పన్నెండు పైన ఉంటుంది, ఒకటి దాని పక్కన ఉంటుంది. గేటు వైపు పన్నెండు అంటే మొదలు అక్కడే. నేను మొదటి రాయిని మొదట వేయకుండా ఒంటిగంట దగ్గర వేశాను. నంబరుకి నంబరు సరిపోయింది కాబట్టి అనుమానం కూడా రాలేదు. పన్నెండు రాళ్ళూ ఒక స్థానం పక్కకి జరిగి కూర్చున్నాయి. వెంట్రుకవాసి కాదు, ఏకంగా ఒక మీటరు.

నాన్న తప్పు చేయలేదు. తప్పు నాది. ఇది తెలిసినప్పుడు నా ఒంట్లోంచి ఏదో పెద్ద బరువు దిగిపోయింది. సొంత తప్పు బయటపడితే ఎవరైనా సిగ్గుపడతారు. నేనూ పడ్డాను, కానీ తర్వాత. ముందు మాత్రం నాకు గంతులు వేయాలనిపించింది.

గంతులు వేసే లోపే ఇంకో భయం పట్టుకుంది. సిమెంటు గట్టిపడిపోయింది. తెల్లారితే ప్రారంభోత్సవం. ఇప్పుడు తవ్వితే రాళ్ళ అంచులు పగులుతాయి, అంచుల్లో నాన్న అంకెలున్నాయి. బాణం జరుపుదామంటే అది గేటు మెట్టుకి సూటిగా నేలలో పాతారు. ఏం చేయమంటారని మేడమ్‌ని అడిగాను.

ఆవిడ నా చేతిలో కాగితం లాక్కుని, వెనక వైపు తిప్పి, స్టూలు మీద కూర్చునే భాగహారం మొదలుపెట్టారు. ఒకటిని భాగిస్తూ పోతుంటే ప్రతి మెట్టులోనూ ఒక శేషం మిగులుతుంది. ఒకటి నుంచి నూట ఎనభై వరకు ప్రతి శేషమూ ఒక్కోసారి వచ్చి, చివరికి మళ్ళీ ఒకటి మిగులుతుంది, అప్పుడు అంకెలు మొదటికొస్తాయి. అందుకని ఈ వలయంలో ఎక్కడ మొదలుపెట్టినా అది ఏదో ఒక శేషం దగ్గర మొదలుపెట్టినట్టే, అంటే అదే సంఖ్యకి అన్ని రెట్లు. ఇందులో తప్పు మొదలంటూ ఉండదని ఆవిడ చెప్పారు. బాణం దగ్గర ఎన్ని రెట్లో చూద్దామని రాసుకుంటూ పోయారు. బాణం దగ్గరికి వచ్చేసరికి మిగిలిన శేషం ఇరవై ఆరు. నూట ఎనభై ఒకటి పెట్టి ఇరవై ఆరుని భాగించారు. ఒకటి, నాలుగు, మూడు, ఆరు, నాలుగు, ఆరు. బాణం దగ్గర ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి.

"నేను అడిగినదానికి ఇరవై ఆరు రెట్లు ఇచ్చావు," అన్నారు మేడమ్. "నేను వద్దంటానా? ఆ చిన్న రాయి ఒక్కటి మార్చండి. ఒకటి బదులు ఇరవై ఆరు."

ఆవిడకి దండం పెట్టాలో, పట్టుకుని ముద్దు పెట్టుకోవాలో తెలియక, స్టూలు ఎత్తుకెళ్ళి లైబ్రరీలో పెట్టి వచ్చి, ఇంటికి పరిగెత్తాను.

షెడ్డులో నాన్న ఉలులన్నిటికీ నూనె రాసి గుడ్డలో ఒక్కొక్కటిగా చుడుతున్నారు. అన్నయ్య మెషీన్ పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ మెషీన్ మెషీన్ అని ప్రాణం తీసినవాడు, ఇప్పుడు దాని వైపు చూడటానికి కూడా ఇష్టపడటం లేదు. నేను రొప్పుతూ అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. నాన్న చుట్టడం ఆపలేదు.

"నన్ను ఊరడించడానికి చెబుతున్నావా?"

"లేదు నాన్నా. నేను రాళ్ళు ఒక స్థానం జరిపి వేశాను. మీ అంకెలు నూట ఎనభై సరిగ్గా ఉన్నాయి."

ఆయన నమ్మలేదు. నమ్మకపోవడం తప్పు కాదు, నేను నా తప్పు ఒప్పుకోవడం ఆయన జీవితంలో మొదటిసారి వింటున్నారు. చేయి పట్టుకుని లేవదీశాను. వెలుతురు ఉండగానే ముగ్గురం మళ్ళీ లైబ్రరీకి వెళ్ళాం. రెండు సున్నాల దగ్గర నాన్నని కూర్చోబెట్టాను. ఆయన మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో గాడిలో వేలు పెట్టి, కళ్ళు మూసుకుని అంకె చెప్పారు. అన్నయ్య కాగితం చూసి 'అవును' అన్నాడు. ఆయన ఆ కంటితో చూడటం లేదని, చెక్కేటప్పుడు కూడా ఎక్కువగా వేలితోనే చూశారని నాకు అప్పుడు తెలిసింది. సగం వలయం దాటాక అన్నయ్య గొంతు బొంగురుపోయింది. మూడు వంతులు దాటాక నాన్న వేగం పెంచారు. చివరి తొమ్మిది చెప్పి, కళ్ళు తెరిచి, నా వైపు చూశారు.

"అయితే తప్పు నీదన్నమాట."

"నాదే నాన్నా."

"మొత్తం నీదేనా?"

"మొత్తం నాదే."

ఆయన అక్కడే, రాళ్ళ మధ్యలో, రెండు కాళ్ళూ చాపుకుని కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. ఆపరేషన్ అయిన దగ్గర నుంచి ఆయన అలా నవ్వడం నేను వినలేదు. అన్నయ్య కూడా నవ్వాడు, నవ్వుతూనే ముఖం అటు తిప్పుకుని తుడుచుకున్నాడు. చిన్న రాయి మీద ఇరవై ఆరు మెషీన్‌తో పది నిమిషాల్లో కొట్టేయొచ్చని నేను అనబోతే, నోరు మూసుకోమని అన్నయ్యే సైగ చేశాడు. మర్నాడు పొద్దున్నే నాన్న దాన్ని చెక్కారు. ముందు రెండు, తర్వాత ఆరు.

ప్రారంభోత్సవంలో మేడమ్ పిల్లల్ని మధ్యలో నిలబెట్టి దారం ఇచ్చారు. వాళ్ళు తొమ్మిదులు కూడుతూ అరుస్తున్నారు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని బాణం పక్కన నిలబడ్డారు. వచ్చినవాళ్ళెవరైనా ఒకటి దగ్గర మొదలవ్వాల్సింది ఇరవై ఆరు దగ్గర మొదలైందేమిటని అడిగితే చాలు, అడగకపోయినా సరే, ఆయన నన్ను వేలితో చూపించి చెప్పేవారు.

"అంకెలు నేను చెక్కాను. తప్పు మా అమ్మాయిది."

వాళ్ళు నా వైపు చూసేవారు. నేను తల ఊపేదాన్ని. లైబ్రేరియన్‌కి చెప్పారు, ఇంజనీరుకి రెండుసార్లు చెప్పారు, ఆయన కంటికి ఆపరేషన్ చేసిన డాక్టరు భార్యాపిల్లలతో వస్తే ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి మరీ చెప్పారు. పదకొండు గంటలకి జనం పలచబడ్డారు. నాన్న ఇంకా బాణం దగ్గరే ఉన్నారు. ఇంకెవరైనా వస్తే బాగుండునని నేను గేటు బయటికి వెళ్ళి వీధి రెండు వైపులా చూశాను.